మూలుగు వేరు, సణుగుడు వేరు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఒంగోలు నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో మీ ఇంట్లో ఉంటూ చికిత్స తీసుకుంటున్న మీ అమ్మగారికి 62 ఏళ్లు. రొమ్ము క్యాన్సరు వెన్నెముకకు పాకింది. రాత్రి రెండు గంటలకు మంచం పట్టె పట్టుకొని కూర్చుంటారు. తెల్లవారి డాక్టరుగారు అడిగితే మాత్రం "దేవుని దయవల్ల బాగానే ఉందండీ" అంటారు. నొప్పి మాత్రలు సగం వేసుకొని సగం దాచిపెడుతున్నారు. మీరు నిలదీస్తే, "సణుగులు మాని సమస్త కార్యములను చేయుడి అని వాక్యం చెబుతుంటే నన్ను సణగమంటావా అమ్మా?" అన్నారు. ఫిర్యాదు లేకుండా జబ్బును భరించడమంటే ఇదేనా అని మీరు అడిగారు. చివరి రెండు వాక్యాల్లో, అమ్మ మీద కోపం వస్తోందనీ, అది పాపమేమోనని భయంగా ఉందనీ రాశారు.

నేను చెన్నైలో 31 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మొదట ఎముకల వార్డులో, తరువాత ఎక్కువ కాలం క్యాన్సరు వార్డులో చేశాను. తొమ్మిదేళ్లుగా మా తెలుగు బాప్టిస్టు సంఘం తరఫున శనివారాల్లో ఆసుపత్రులకు వెళ్లి, నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన రోగులతో కూర్చొని ప్రార్థన చేస్తుంటాను. నాకు కూడా 17 ఏళ్లుగా కీళ్లవాతం ఉంది. కాబట్టి పుస్తకంలో చదివినదీ, మంచం పక్కన చూసినదీ, ఒంట్లో అనుభవించినదీ మూడూ కలిపి చెబుతున్నాను. మీ అమ్మగారి విశ్వాసం నిజమైనది, దాన్ని తక్కువ చేయకండి. అయితే ఆ వాక్యాన్ని ఆమె తీసుకెళ్లకూడని చోటికి, అంటే డాక్టరు గదిలోకి, తీసుకెళ్తున్నారు. అక్కడ అది ఆమెకు మేలు చేయదు, దేవునికి మహిమా తేదు.

సణుగుడు అన్న మాట బైబిల్లో ఎక్కడ వస్తుందో అమ్మగారితో కలిసి ఒకసారి చూడండి. నిర్గమకాండం 16లో ఆహారం కోసం, 17లో నీళ్ల కోసం, సంఖ్యాకాండం 14లో కనానుకు వెళ్లలేమని ఇశ్రాయేలీయులు సణిగారు. ఆకలి వేస్తోందని చెప్పడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడుందో ద్వితీయోపదేశకాండం 1:27లో మోషే విప్పి చెబుతాడు. వాళ్లు తమ గుడారాల్లో కూర్చొని, దేవుడు మనమీద పగబట్టి ఐగుప్తు నుంచి ఇక్కడికి తెచ్చాడని తమలో తాము చెప్పుకున్నారు. దేవునితో ఒక్క మాట మాట్లాడకుండా, ఆయన వినడన్నట్టు, ఆయన మంచివాడు కాడని పక్కవాడి చెవిలో చెప్పడమే సణుగుడు. అదే నిర్గమకాండం 2వ అధ్యాయం చివర, ఇటుకల పని కింద నలిగిన ఆ ప్రజలే నిట్టూర్పులు విడిచి మొరపెట్టినప్పుడు, దేవుడు "వారి మూలుగును విని" నిబంధనను జ్ఞాపకం చేసుకున్నాడని ఉంది. మూలిగినందుకు ఎవరినీ మందలించలేదు. తరువాతి అధ్యాయంలో, వాళ్లను విడిపించడానికి దిగివచ్చానని మోషేతో చెప్పాడు. మన తెలుగులో మూలుగు, సణుగు అన్న మాటలు వినడానికి దగ్గరగా ఉంటాయి. బైబిల్లో మాత్రం వాటి మధ్య ఎర్ర సముద్రమంత దూరం ఉంది.

ఇక అమ్మగారు చెప్పిన వాక్యం ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:14. ఆ అధ్యాయాన్ని అక్కడితో ఆపకుండా చివరిదాకా చదవమనండి. పది వచనాలు దాటేసరికి, పౌలుకు సాయంగా ఫిలిప్పీ సంఘం పంపిన ఎపఫ్రొదితు కనిపిస్తాడు. అతడు రోగియై చావుకు సిద్ధమయ్యాడని పౌలు దాచకుండా రాస్తాడు. దేవుడు అతన్ని కనికరించాడని, దుఃఖం మీద దుఃఖం కలగకుండా తనను కూడా కనికరించాడని చెబుతాడు. సణుగులు మానమన్న కలమే అదే కాగితం మీద, నా స్నేహితుడు చనిపోతాడేమోనని నేను ఏడ్చేవాణ్ణి అన్నంత పని చేసింది. అలాంటి పౌలే తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు ప్రభువును వేడుకున్నాడు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. ఇంత చేసిన మనిషి డాక్టరుతో నిజం చెప్పడాన్ని సణుగుడు అంటాడా?

యోబు సంగతి కూడా అంతే. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్న మాట మన సమాధుల దగ్గర తప్పకుండా వినిపిస్తుంది. 3వ అధ్యాయంలో తాను పుట్టిన దినాన్ని శపించిన యోబును మాత్రం ఎవరూ ప్రస్తావించరు. చివరికి దేవుడు తీర్పు చెప్పినప్పుడు, తనను సమర్థించామనుకున్న స్నేహితుల మీద కోపపడి, తన గురించి యుక్తంగా పలికినవాడు యోబేనన్నాడు. యాకోబు పత్రిక మెచ్చుకున్న సహనం ఈ యోబుదే. అది అంతసేపు, అంత గట్టిగా, దేవుని ముఖం మీదే మాట్లాడిన మనిషి సహనం.

మీ అమ్మగారు బహుశా యెషయా 53 గుర్తుచేస్తారు: బాధింపబడినను అతడు నోరు తెరవలేదు. నాతో ఎంతోమంది రోగులు ఈ మాటన్నారు, భక్తితోనే అన్నారు. ప్రభువు నోరు తెరవనిది తన మీద అబద్ధాలు చెప్పినవారి ఎదుట, తీర్పు తీర్చే అధిపతుల ఎదుట. సిలువ మీద ఆయన దేహం ఎండిపోయినప్పుడు "దప్పిగొనుచున్నాను" అన్నాడు. ఆయన చుట్టూ ఉన్నది తనను మేకులు కొట్టిన సైనికులు. అయినా ఒంటి అవసరాన్ని చెప్పాడు, వాళ్లు స్పంజితో అందించిన చిరకను పుచ్చుకున్నాడు. అంతకు ముందు, నొప్పి తెలియకుండా ఉండేందుకు ఇచ్చే బోళం కలిపిన ద్రాక్షారసాన్ని తీసుకోలేదన్నది నిజమే. దాన్ని పట్టుకొని నొప్పి మాత్రలు మానేసేవారున్నారు. తండ్రి ఇచ్చిన ఆ గిన్నెను మెలకువతో తాగడం ఆయనకు మాత్రమే అప్పగించిన పని, మన రక్షణ కోసం ఆయన ఒక్కసారే చేసి ముగించిన పని. మత్తుమందు, నొప్పి మందు తీసుకోవడం విశ్వాసికి తగునా అని కొందరు వైద్యులు అడిగితే, పోప్ 12వ పయస్ 1957 ఫిబ్రవరిలో తగునని స్పష్టంగా జవాబిచ్చారు. మనం కతోలికులం కాకపోయినా ఆ జవాబు మనకూ పనికొస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఎముకల వార్డులో నేను చేరిన మూడో ఏడాది, కాలి ఎముక విరిగి మోకాలి దాకా కట్టు వేయించుకున్న ఒక పెద్దాయన మా తెలుగువాడే, సంఘ పెద్ద. రాత్రి పదకొండుకి వెళ్లి "ఎలా ఉంది తాతగారూ?" అంటే, "ప్రభువు చూసుకుంటాడమ్మా, నువ్వు మిగతావాళ్లను చూడు" అన్నారు. దుప్పటి అంచును గుప్పిట్లో నలుపుతున్నారు. నుదుట చెమట ఉంది. పక్క మంచాల్లో ఇద్దరు కుర్రాళ్లు కేకలు పెడుతుంటే, "చూడండి, ఆయన ఎంత ఓపిగ్గా ఉన్నారో" అని నేను వాళ్లకు ఆయన్ను చూపించాను. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నా మనసు చివుక్కుమంటుంది. కట్టు లోపల కాలు వాచి, కండరాలకు రక్తం అందడం ఆగిపోతోంది. అలాంటప్పుడు గాయానికి మించిన నొప్పే మొట్టమొదటి హెచ్చరిక. వేళ్లు చల్లబడటం, మొద్దుబారడం తరువాత వస్తాయి, అప్పటికి ఆలస్యమైపోతుంది. కొన్ని గంటల్లోపే కట్టు కోసి, అవసరమైతే ఆపరేషను చేసి ఒత్తిడి తీయాలి. తెల్లవారుజామున నేను మళ్లీ వచ్చి బొటనవేలు ముట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. కాలు నిలిచింది గాని పాదం పైకెత్తే శక్తి పోయింది. మిగిలిన జీవితమంతా ఆయన ఆ పాదాన్ని ఈడుస్తూనే నడిచారు. ఆయన మౌనంలో నిజమైన భక్తి ఉంది. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడగకుండా ఆ మౌనాన్ని మెచ్చుకున్నది నేను. ఆనాటి నుంచి "ఎలా ఉంది?" అని అడగడం మానేశాను. "ఎక్కడ, ఎలాంటి నొప్పి, నిన్నటికంటే ఎక్కువా తక్కువా?" అని అడుగుతాను.

మీ అమ్మగారి విషయంలో ఇది మరీ అవసరం. వెన్నెముకకు పాకిన క్యాన్సరు ఉన్నప్పుడు కాళ్లు బలహీనపడటం, నడుస్తుంటే తూలడం, కాళ్లు మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, నొప్పి హఠాత్తుగా పెరిగి నడుము చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండటం, వీటిలో ఏది కనిపించినా అది వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు. తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. అర్ధరాత్రయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే నడక పూర్తిగా పడిపోకముందు చికిత్స మొదలైతేనే అది నిలిచే అవకాశం ఎక్కువ. ఆమె నోరు విప్పకపోతే ఈ గుర్తులు మీకెలా తెలుస్తాయి?

ఈ మౌనం బైబిలు నుంచే వచ్చిందని నేను అనుకోను. మన ఇళ్లలో ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి నేర్పినది ఇదే: కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, పంటిబిగువున భరించాలి, చెప్పుకుంటే లోకువ. తరువాత ఆమె మారుమనసు పొంది బాప్తిస్మం తీసుకున్నా ఆ పాత పాఠం లోపలే ఉండి, వాక్యాన్ని పైన కప్పుకుంటుంది. దానికి తోడు కూతురి ఇంట్లో ఉన్నామన్న మొహమాటం, ఖర్చు పెరుగుతుందన్న దిగులు కూడా ఉంటాయి. మీ అమ్మగారు దాచిపెట్టిన మాత్రల వెనుక ఏముందో మెల్లగా అడగండి. డబ్బు భయమే కావచ్చు, "ఆ మాత్రలు అలవాటైపోతాయి" అని ఎవరో చెప్పిన మాట కావచ్చు.

చెన్నైలో మనవాళ్లకు భాష చిక్కు ఒకటి ఉంది. నర్సమ్మ "వలి ఇరుక్కా?" అని తమిళంలో అడుగుతుంది, అమ్మగారు "పరవాలేదు" అంటారు. అది తమిళ "పరవాయిల్లై"కి దగ్గరి మాట గనుక అవతలివారికి వెంటనే అర్థమవుతుంది, చీటీలో నొప్పి లేదని రాసుకుంటారు. ఆ ఒక్క మాట దగ్గరే సంభాషణ ముగిసిపోతుంది. నిజానికి నొప్పిని చెప్పడానికి మన భాషలో ఉన్నన్ని మాటలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది: పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు. డాక్టరుకు ఈ తేడాలు కావాలి. ఎముక సలుపుకు ఇచ్చే మందు వేరు, నరం మంటకు చేర్చే మందు వేరు. ఎముకకు పాకిన చోట కొద్ది సిట్టింగుల రేడియేషనుతో చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, చెప్పందే డాక్టరు ఎలా ఇస్తాడు?

మాత్రల గురించి కూడా ఒక మాట. క్యాన్సరు నొప్పి మందును నోటి ద్వారా, గడియారం ప్రకారం, మెట్టుమెట్టుగా పెంచుతూ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మామూలు మార్ఫిన్ మాత్రయితే సుమారు నాలుగు గంటలకొకసారి వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకుంటే దాన్ని అణచడానికి ఎక్కువ మోతాదు పడుతుంది, కాబట్టి దాచుకోవడం వల్ల మందు ఆదా కాదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది. మలబద్ధకం మాత్రం మందు ఉన్నంతకాలం ఉంటుంది గనుక దానికి మందు కూడా మొదటి రోజు నుంచే అడిగి రాయించుకోండి. క్యాన్సరు నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడేవారు వ్యసనపరులవడం అరుదు. ఏదీ మీ అంతట మీరు పెంచకండి, తగ్గించకండి, హఠాత్తుగా ఆపకండి.

అయితే సణగకుండా భరించడం అన్నదే లేదా అంటే, ఉంది, నేను చూశాను, అది చాలా గొప్ప విషయం. మన బాప్టిస్టు సంఘాల్లో పునీతుల మాటలు అంతగా వినపడవు. నాతో పనిచేసిన ఒక కన్యస్త్రీ దగ్గర నేను వాటిని విన్నాను. 16వ శతాబ్దంలో స్పెయినులో ఉన్న అవిలాపురి తెరేసమ్మ జీవితంలో చాలా భాగం రోగిగానే గడిపారు. చిన్నాచితకా నలతలను రోజంతా చెప్పుకుంటూ తిరగవద్దని తన మఠంలోని కన్యస్త్రీలను గట్టిగానే హెచ్చరించారు. నిజమైన జబ్బయితే మాత్రం చెప్పి వైద్యం చేయించుకోవాలనీ, చెప్పకపోవడమే తప్పనీ అదే చోట రాశారు. ఆమె తరువాతి తరంలోని బిషప్పు ఫ్రాన్సిస్ డి సేల్స్ కూడా, బాగుచేయగలిగినవారికి బాధ చెప్పుకోమనీ, వైద్యునికి లోబడి మందును దేవుని ప్రేమ కోసమే పుచ్చుకోమనీ బోధించారు. మందు మింగడం కూడా విధేయతే అన్న ఈ ఆలోచన మీ అమ్మగారి మనసుకు పడుతుందని నాకు అనిపిస్తోంది. క్షయతో 24 ఏళ్లకే, 1897లో, కన్నుమూసిన ఫ్రాన్సు కన్యస్త్రీ చిన్న తెరేజమ్మ చివరి వారాల్లో, తీవ్రమైన నొప్పిలో ఉన్న రోగి దగ్గర విషపు మందులు ఉంచవద్దని, ఆ క్షణంలో మతి తప్పడానికి ఎంతోసేపు పట్టదని తనకు సేవ చేస్తున్న తన సొంత అక్కకు చెప్పింది. ఎంత నిజాయితీ ఆ మాటలో! పరిశుద్ధురాలు తన నొప్పి లోతును దాచలేదు.

వ్యాసర్పాడి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చే ఒక రిటైర్డు టీచరుగారి దగ్గర నేను చాలా శనివారాలు కూర్చున్నాను. నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉండేవారు. పిక్క పట్టేయగానే టెక్నీషియన్‌ను పిలిచి, "ఎడమ పిక్క, ఇప్పుడే మొదలైంది" అని చెప్పేవారు. అతడు సరిచేయగానే "థాంక్స్ నాయనా" అని, పక్క మంచంలోని కొత్త కుర్రాడికి యంత్రం ఎందుకు కూత పెడుతుందో వివరించడం మొదలుపెట్టేవారు. ఆయన బాధ గురించి చెప్పనిదేమీ లేదు, బాధ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడని రోజు కూడా లేదు. మాకు దగ్గరలోనే, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1954లో వాహన ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. న్యూయార్కులో పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చారు. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రం వెనుక ఆవిడ శ్రమ ఉంది. తన కాళ్లు కదలవన్న నిజాన్ని ఒప్పుకొని, ఆ నిజం నుంచే పని మొదలుపెట్టిన మనిషి ఆవిడ. నా సంగతంటారా, పొద్దున్నే వేళ్లు ముడుచుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోలేనప్పుడు మా ఆయనతో "ఈ రోజు చేతులు బాగాలేవండీ" అంటాను, అంతే. ఆయన గ్లాసు పట్టుకుంటారు. తరువాత ఇద్దరం కీర్తన చదువుకుంటాం.

పరామర్శకు వచ్చేవాళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. "విశ్వాసం ఉంటే ఈపాటికి తగ్గేది", "ఏదో పాపం ఒప్పుకోలేదేమో" అనేవారిని గది బయటే పలకరించి పంపేయండి, మొహమాటపడకండి. పౌలు తనతో ప్రయాణించిన త్రోఫిమును రోగిగానే మిలేతు పట్టణంలో విడిచివచ్చాడు. అతని విశ్వాసాన్ని శంకించలేదు.

ఇక మీ కోపం. మీరు రాత్రి రెండు గంటలకు లేచి అమ్మ వీపు నిమురుతున్న కూతురు. ఆ కోపం ఆమె మీద ప్రేమ నుంచే, నిద్ర లేమి నుంచే వస్తోంది. దాన్ని గుడారంలో సణుగుడుగా మార్చుకోకుండా, ఉన్నది ఉన్నట్టు ప్రభువుతో చెప్పండి, మీ సంఘంలో నమ్మదగిన ఒకరితో చెప్పండి. వారానికి ఒక రాత్రయినా ఇంకెవరైనా అమ్మ దగ్గర పడుకునేలా అడగండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర స్తుతి కూడా లేదు. అయినా అది మన బైబిల్లోనే ఉంది. నిద్రపట్టని రాత్రి అమ్మగారూ మీరూ దాన్ని కలిసి చదవండి, ఆపై 6వ కీర్తన చదవండి. ఆమె మూలిగితే మూలగనివ్వండి.

ఈ వారం ఒక చిన్న నోటుబుక్కు కొనండి. రోజుకు మూడుసార్లు టైము, చోటు, అమ్మగారు వాడిన తెలుగు మాట, సున్నా నుంచి పది దాకా ఎంత, వేసుకున్న మాత్ర, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు అన్నవి రాయండి. దాచిన మాత్రలను కూడా లెక్కపెట్టి రాయండి. పాస్టరుగారిని ఇంటికి పిలిచి, అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ డాక్టరు ఎదుట కూడా ఉందని ఆయన నోటనే ఆమెకు చెప్పించండి; మీరు చెబితే కూతురి వాదన అవుతుంది, ఆయన చెబితే వింటారు. డాక్టరుగారి దగ్గరికి వెళ్లేరోజు పొద్దున మాత్ర మానకుండా వేయించి తీసుకెళ్లండి. గదిలోకి వెళ్లగానే నోటుబుక్కు బల్ల మీద పెట్టి, ఆయన ఇంకా ఏమీ అడగకముందే రాత్రి రెండు గంటల సంగతితో మొదలుపెట్టండి. అమ్మగారు "పరవాలేదు" అనబోతే ఆమె చెయ్యి పట్టుకొని, "ఏ చోట సలుపుతోందో చూపించమ్మా" అనండి.